జైలరుగారి విడుదల

పిటిషనమ్మకు ఆ పేరు పెట్టింది కన్నవాళ్లు కాదు, జైలు సిబ్బంది. నల్లగౌను మడిచి చంకలో పెట్టుకుని ఆమె గేటు దగ్గర కనిపిస్తే చాలు, లోపల వార్డర్లు "పిటిషనమ్మ వస్తోందిరోయ్" అని ఒకరికొకరు కబురందించుకుని, చిరిగిన దుప్పట్లు దాచేసి మంచివి పరిచేవాళ్లు. ఆ పేరు జైలు గోడ దూకి కోర్టుకు వచ్చింది. కోర్టు నుంచి ఆమె సాయంత్రాలు పాఠం చెప్పే లా కాలేజీకి, అక్కడి నుంచి వీధి చివర మందుల షాపు దాకా పాకింది. చివరికి సొంత చెల్లెలు కూడా కోపం వచ్చినప్పుడు "అక్కా" మానేసి ఆ పేరుతోనే పిలిచేది.

అడగడమనే జబ్బు ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. బళ్లో ఎవరో సుద్దముక్కలు ఎత్తుకుపోయారని మేష్టారు క్లాసు క్లాసంతటినీ ఎండలో నిలబెట్టారు. "తీసింది ఒకరైతే ఎండ అందరికీ ఎందుకండీ?" అని అడిగింది. మేష్టారు కాసేపు ఆలోచించి, మాట న్యాయంగానే ఉందని అందరినీ లోపలికి పంపేసి, ఆమెను మాత్రం నిలబెట్టారు. అప్పీలు అనేది ఒకటి ఉండాలని ఆమెకు అప్పుడే తోచింది.

చదువయ్యాక ఓ పెద్ద లాయరు దగ్గర జూనియరుగా చేరింది. ఆమె చేతికి వచ్చిన మొదటి కేసు ఎవరూ ముట్టుకోనిది. సైకిళ్లు బాగుచేసుకునే ఒకాయన శిక్ష పూర్తయ్యాక కూడా జైల్లోనే ఉండిపోయాడు. విడుదల ఉత్తర్వు రావాల్సిన చోటి నుంచి రాలేదు. ఆమె తిన్నగా జైలరుగారి గదికి వెళ్లింది.

జైలరుగారు అప్పుడే కొత్తగా ప్రమోషన్ మీద వచ్చారు. మడత నలగని చొక్కా, స్కేలు పెట్టి కత్తిరించినట్టున్న మీసం. నవ్వడం రూల్సులో ఎక్కడా రాయలేదు కాబట్టి నవ్వేవారు కాదు.

"ఆర్డరు రాలేదమ్మా. ఆర్డరు లేనిదే వదలడం కుదరదు."

"వదలడానికి ఆర్డరు కావాలంటున్నారు, సరే. ఉంచడానికి ఏ ఆర్డరుందో అది చూపించండి."

జైలరుగారు బీరువా తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచి ఇంకాస్త లోపలికి చూశారు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, "కూర్చోండి" అన్నారు. ఆమె కూర్చోలేదు, కోర్టుకు పోయింది. సైకిళ్లాయన ఆ వారంలోనే ఇంటికి పోయాడు.

అక్కడితో మొదలైంది. ఖైదీల గదుల్లో గాలీ వెలుతురూ లేవని మరో పిటిషను వేసింది. కోర్టు కిటికీలు పెద్దవి చెయ్యమంది. జైలరుగారు అప్పీలుకు వెళ్లి అక్కడా ఓడిపోయారు. ఓడిపోయాక మాత్రం తీర్పును అక్షరం పొల్లుపోకుండా అమలు చేశారు. తీరా చూస్తే ఖైదీల కిటికీల ముందు ఆయన ఆఫీసు కిటికీ పిట్టగూడులా మిగిలింది. పిటిషనమ్మ అది గమనించి, తర్వాతి వాయిదాలో "అయ్యా, సిబ్బంది కూడా మనుషులే కదా, వాళ్లకూ గాలి కావాలి" అని ఒక మాట వేసింది. ఆయనకూ పెద్ద కిటికీ వచ్చింది. ఆయన కృతజ్ఞత చెప్పలేదు సరికదా, ఆమె వచ్చినప్పుడల్లా ఆ కిటికీ మూసేసేవారు.

ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆమె ఎడ్డెమంటే ఆయన తెడ్డెం. ఖైదీల ఉత్తరాలు విప్పి చదవకూడదని ఆమె, చదవకపోతే జైలు ఉంటుందా అని ఆయన. అక్కడా ఆమే గెలిచింది. ఈ గొడవల మధ్యే ఆయన రిటైరయ్యారు. ఎక్కడికి పోయారో ఆమె కనుక్కోలేదు. తీరిక లేదు.

తీరిక ఎక్కడుంటుంది? పగలు కోర్టు, సాయంత్రం కాలేజీ, మిగిలిన కాస్త సమయంలో పుస్తకం. మనిషిని మనిషి ఎప్పుడు బంధించవచ్చు, ఎంతవరకు, ఎవరు చెబితే అన్న విషయం మీద ఆమె ఏళ్ల తరబడి రాస్తున్న పెద్ద గ్రంథం అది. దాని కోసం దేశదేశాల తీర్పులు ఇంటికి వచ్చి పడేవి. భోజనాల బల్ల మీద రాజ్యాంగాలు, కుర్చీల్లో కమిషన్ల నివేదికలు. లెక్కల టీచరుగా చేసి మానేసిన చెల్లెలు కంచం చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని తినేది.

"ఖైదీకి కూర్చుని తినే హక్కుందని రాశావటగా" అంది ఒకసారి. "ఆ జైలెక్కడుందో చెప్పు. నేనూ వెళ్లి చేరతా."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. పిటిషనమ్మది మొదటి నుంచీ రచ్చ గెలిచి ఇంట ఓడే జాతకం.

ఆమెకు అరవై దాటాక అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. చెల్లెలు పోరు పెట్టి కంటి ఆసుపత్రికి పంపింది. అక్కడ నర్సు కళ్లలో చుక్కలు వేసి, "కళ్లు మూసుకుని కూర్చోండి, పిలుస్తాం" అని వరసగా ఉన్న కుర్చీల్లో ఒకదాంట్లో కూలేసింది. ఆ వరసలో అందరూ కళ్లు మూసుకున్నవాళ్లే. కాస్త తెరిస్తే ఎదుటి మనుషులు నీళ్లలో తేలుతున్న బట్టల్లా కనిపిస్తున్నారు.

పక్క కుర్చీలో ఎవరో పెద్దాయన పెద్దగా నిట్టూర్చాడు.

"చుక్కలు మండుతున్నాయాండీ?" అని ఆమె పలకరించింది.

"మండనివ్వండి. ఈ చుక్కల పుణ్యమా అనే ఇవాళ బయటి గాలి పీల్చాను" అన్నాడాయన. ముసలితనానికి గొంతు బాగా గీరుకుపోయి ఉంది. "నేనుండేది వృద్ధుల వసతిగృహంలో. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు, నా అంతట నేనే చేరాను. చేరేటప్పుడు తోట చూపించారు. ఇప్పుడా తోటలో కూర్చోనివ్వరు, తడి తగులుతుందట. గేటుకు తాళం. ఫోన్లు ఆఫీసు అలమరలో, చూస్తే కళ్లు పాడవుతాయట. ఒకాయనకు షుగరుందని అందరికీ చప్పటి టీ. ఏమన్నా అంటే మేనేజరు 'మీ మంచికే' అంటాడు. మేమంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తాం."

పిటిషనమ్మకు ఒంట్లో రక్తం ఒక్కసారి చురుగ్గా కదిలింది. "బయటికి వెళ్తానంటే ఆపుతున్నారా?"

"ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ పోనివ్వరు. ఇక్కడికీ కాపలా మనిషి వచ్చాడు, టీ తాగడానికి పోయాడు."

"అది అక్రమ నిర్బంధం అండీ. లాయర్ని పెట్టుకోండి."

"నాకు తెలిసిన లాయరు ఒక్కతే. నా ప్రాణాలు తోడేసింది ఆవిడ." పెద్దాయన మళ్లీ నిట్టూర్చాడు. "జైల్లో చేసేవాణ్ణి లెండి. మా వాళ్లు పిటిషనమ్మ అనేవాళ్లు. చెవిలో జోరీగ."

పిటిషనమ్మ కళ్లు తెరిచి పక్కకు చూసింది. నీళ్లలో తేలుతున్న తెల్లచొక్కా ఒకటి, దాని మీద అడ్డంగా తెల్లటి గీత. మీసమే అయి ఉండాలి.

"అంత చెడ్డదా ఆవిడ?" అంది చివరికి.

"చెడ్డదని ఎవరన్నారు? ఉత్తరాల కేసులో నేనూ లోలోపల ఆవిడ పక్షమే. పైకి అనకూడదు కాబట్టి అప్పీలు చేశాను. నా గదికి కిటికీ కూడా పెట్టించింది. ఆవిడ ఎదురుగా ఆ గాలి పీల్చడానికి సిగ్గేసి మూసేసేవాణ్ణి."

"మీ రూల్సు బాగుంటే నేను అన్నిసార్లు రావాల్సిన పని ఉండేది కాదు, జైలరుగారూ" అంది పిటిషనమ్మ.

పక్క కుర్చీ కిర్రుమంది. అలవాటు కొద్దీ ఆయన నిటారుగా సర్దుకుని ఉంటారు.

"వకాల్తా కాగితం ఉందా?" అని అడిగారు నెమ్మదిగా.

"బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది."

"ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించండి. నాకేం కనబడటం లేదు."

"నాకూ కనబడటం లేదు" అందామె. నర్సును పిలిచి, ఇద్దరూ ఆ అమ్మాయి వేలు ఆధారంగా పని కానిచ్చారు.

ఓడలు బళ్లవుతాయంటారు. ఇంటికి వచ్చి సంగతి చెబితే చెల్లెలు నవ్వు ఆపుకోలేక కంచం బీరువా మీద పెట్టేసింది. "ఆ మీసాలాయనకా? ఆయన్ని తిట్టుకుంటూనే కదే నువ్వు ముసలిదానివయ్యావు."

"మనిషిని చూసి హక్కు ఇవ్వరు" అంది పిటిషనమ్మ.

మర్నాడు వసతిగృహానికి వెళ్లింది. ఊరి చివర శుభ్రమైన రెండంతస్తుల మేడ, గేటుకు చెయ్యంత తాళం. మేనేజరు తేనె పూసిన కత్తి లాంటివాడు. నవ్వుతూ, చేతులు నలుపుకుంటూ ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టాడు.

"మేడమ్, ఆయన ఇష్టపడి సంతకం పెట్టి చేరారు. మేం బలవంతం చెయ్యలేదు."

"లోపలికి రావడానికి పెట్టారు సంతకం. బయటికి పోకుండా ఉండటానికి పెట్టారా?"

"పెద్దవాళ్లు కదా మేడమ్, బయట పడితే ఎముకలు అతకవు. వాళ్ల మంచికే..."

"లోపల పడితే అతుకుతాయా?"

ఆమె లేచి కోర్టుకు వెళ్లి, మనిషిని తెచ్చి జడ్జి ముందు నిలబెట్టమని పిటిషను వేసింది.

విచారణ రోజున జైలరుగారు కోర్టుకు పెళ్లికొడుకులా వచ్చారు. చొక్కా మడత నలగలేదు. బోనుకేసి, ఫ్యానుకేసి, కిటికీ బయట రోడ్డు మీద పోయే బస్సులకేసి ముచ్చటగా చూస్తూ కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగి, "వాయిదా పడేలా చూడకూడదా?" అన్నారు.

"ఎందుకండీ?"

"వాయిదా ఉంటే మళ్లీ తీసుకొస్తారు కదా."

"గెలిస్తే రోజూ మీరే రావచ్చు."

"అవును కదా" అని ఆయన సర్దుకున్నారు. జీవితంలో ఎప్పుడూ ఆమె వైపు కూర్చుని గెలవలేదు, ఆ సంగతి తట్టలేదు పాపం.

వసతిగృహం తరఫున వచ్చిన కుర్ర లాయరు పిటిషనమ్మ శిష్యుడే. ఆమెను చూడగానే సగం పాఠం మర్చిపోయాడు. "అయ్యా, రక్షణ పేరుతో చేసినా నిర్బంధం నిర్బంధమేనని మా మేడమ్ క్లాసులో చెప్పినట్టు..." అని అందుకున్నాడు.

"తమరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?" అని జడ్జిగారు అడిగారు.

కుర్రవాడు కాగితాలు తిరగేసి, చెమట తుడుచుకుని, మేనేజరు తరఫునే అని ఖాయం చేసుకున్నాడు.

జడ్జిగారు జైలరుగారిని బోనులోకి పిలిచారు. "మిమ్మల్ని బంధించారని మీ ఫిర్యాదు. నిర్బంధమంటే ఏమిటో మీకు తెలుసా?"

"నా ఉద్యోగమే అదండీ."

"అయితే చెప్పండి. ఆ వసతిగృహానికీ జైలుకూ తేడా ఏమిటి?"

జైలరుగారు నిజాయితీగా ఆలోచించారు. "నా జైల్లో కిటికీలు పెద్దవండీ. ఉత్తరాలు ఎవరూ విప్పేవాళ్లు కాదు. శిక్ష అయిపోతే వదిలేసేవాళ్లం."

"మంచి జైలే. అవన్నీ మీరే ఏర్పాటు చేశారా?"

"లేదండీ." ఆయన పిటిషనమ్మ వైపు వేలు చూపించారు. "ఈవిడ కేసులు వేసింది. నేను అన్నీ వ్యతిరేకించాను."

జడ్జిగారికి ఎందుకో దగ్గు తెర వచ్చింది. మంచినీళ్లు తాగి, తేరుకుని, ఆ పూటే తీర్పు చెప్పేశారు. గేటుకు తాళం తీసెయ్యాలి, లోపలి గడియ మాత్రం ఉంచుకోవచ్చు. ఎవరి ఫోను వాళ్లకి ఇచ్చెయ్యాలి. ఇకమీదట ఏ రూలు పెట్టినా, అక్కడ ఉండేవాళ్లు ఎన్నుకున్న సంఘం ఒప్పుకోవాలి. ఈ చివరిది పిటిషనమ్మ ప్రత్యేకంగా అడిగి రాయించుకున్నది. ఆమె పుస్తకంలో దాని మీద ఒక అధ్యాయమే ఉంది.

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ అధ్యాయంలో లేదు.

సంఘం ఎన్నికలు జరిగాయి. కోర్టుకెక్కి గెలిచి వచ్చిన మనిషి ఉండగా ఇంకొకరికి ఓట్లు ఎలా పడతాయి? జైలరుగారు అధ్యక్షుడయ్యారు. మేనేజరు మరీ మంచివాడైపోయి, "అంతా మీ ఇష్టమేనండీ" అని పక్కకు తప్పుకున్నాడు. నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం పిటిషనమ్మ ఇంటి మెట్లెక్కి ఇద్దరు వచ్చారు. ఒకాయన ఒకప్పటి బస్సు డ్రైవరు, ఒకావిడ పాటల టీచరు.

"అమ్మా, తాళం పోయి విజిలొచ్చింది" అన్నాడు డ్రైవరు. "పొద్దున్నే ఈల ఊదుతాడు. అందరూ తోటలో వరసగా నిలబడాలి. పేరు పిలుస్తాడు, పలకాలి. తర్వాత గదుల్లోకి వచ్చి దుప్పటి మడత చూస్తాడు."

"నా దుప్పటి మూల వంకరగా ఉందట" అంది పాటల టీచరు. ఆ అవమానం ఆవిడకింకా చల్లారలేదు. "మీరే ఆయన మీద కేసు వెయ్యాలి."

పిటిషనమ్మ చెయ్యి పెన్ను మీదికి దానంతటదే పోయింది. అంతలో గుర్తొచ్చి ఆగింది. "నేను వెయ్యలేనండీ. ఆయన నా క్లయింటు. మొన్న ఆయన తరఫున వాదించి ఇవాళ అదే వ్యవహారంలో ఆయన మీద నిలబడటానికి వృత్తి ధర్మం ఒప్పుకోదు."

ఆ మాట పూర్తవుతుండగానే ఫోను మోగింది.

"లాయరుగారూ" అంది గీరుకుపోయిన గొంతు. "నా మీద పిటిషను వచ్చేలా ఉంది. ఇద్దరు చెప్పకుండా బస్సెక్కి పోయారు. కేసు మీరే చూడాలి."

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటున్న చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయింది. బతుకంతా జైలరుతో పోట్లాడిన మనిషికి జైలరు తరఫున నిలబడే యోగం పట్టింది.

పిటిషనమ్మ మళ్లీ కోర్టు దాకా ఎందుకని, వచ్చిన ఇద్దర్నీ వెంటబెట్టుకుని నేరుగా వసతిగృహానికి వెళ్లింది. అందర్నీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి, జైలరుగారిని ఎదురుగా కుర్చీ వేసి కూర్చోమంది.

"సంఘమంటే ఏమిటండీ?" అని ఆయన్ని అడిగింది. "రూలు పెట్టే ముందు వీళ్లని అడిగారా?"

"ఓటు వేశారుగా."

"ఓటు వేశారు. నోరు అప్పగించలేదు."

జైలరుగారు మీసం సవరించుకున్నారు. "నాకు తెలిసిన పని అదొక్కటే, లాయరుగారూ. పొద్దున్నే లేచి మనుషులు అందరూ ఉన్నారో లేదో చూసుకోకపోతే నాకు కాఫీ దిగదు."

ఒక్కొక్కరూ లేచి చెప్పడం మొదలుపెట్టారు. దుప్పటి తనిఖీ ఎవరికీ పనికిరాలేదు. అన్నానికి వరస అక్కర్లేదన్నారు. ఈల వింటే గుండె ఆగుతోందన్నారు. జైలరుగారు దేనికీ ఎదురు చెప్పలేదు. ప్రతి ఫిర్యాదుకూ ఒకసారి తలాడించారు, తీర్పు వింటున్నట్టు. పేర్లు పిలవడం దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు లేచి, "మేమేమన్నా ఖైదీలమా, హాజరు పలకడానికి?" అన్నాడు. హాలంతా అవునంది. పిటిషనమ్మ కూడా అవునన్నట్టే చూసింది. మనిషిని రోజూ లెక్కపెట్టడం ఎంత అవమానమో ఆమె ఎన్నో పేజీలు రాసి ఉంది.

"అది మాత్రం తియ్యకండమ్మా" అని వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

కుట్టుమిషను మీద బతుకంతా గడిపిన ఒక ముసలావిడ. ఎప్పుడూ నోరు విప్పే మనిషి కాదు. అందరూ తిరిగి చూసేసరికి ఇబ్బందిపడి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ చెప్పింది.

"ఇక్కడ అందరూ నన్ను బామ్మా అంటారు. నర్సు మంచం నంబరు చెబుతుంది. ఆయనొక్కడే పేరు పెట్టి పిలుస్తాడు. మా ఆయన పోయాక నా పేరు నాకు వినబడిందే లేదు. పిలిస్తే ఉన్నానండీ అంటాను. పొద్దున్నే ఆ మాట ఒకసారి అనుకుంటే రోజు బాగుంటుంది."

పాటల టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. పిటిషనమ్మ ఎన్నో కోర్టుల్లో ఎందరో పెద్ద లాయర్లకు జవాబు చెప్పింది గానీ, ఇలాంటి వాదన ఆమెకు ఎవరూ వినిపించలేదు. ఆమె జైలరుగారి వైపు తిరిగింది.

"అయితే ఇలా చేద్దాం. పేర్లు పిలవండి. రావాలనిపించినవాళ్లు వస్తారు. రానివాళ్లను ఎందుకు రాలేదని అడగకూడదు."

జైలరుగారికి అది మింగుడుపడలేదు. "రాకపోతే లెక్క ఎలా తేలుతుంది?"

"తేలక్కర్లేదు. ఎవరూ పారిపోవడం లేదు."

"రానివాళ్ల పేరు పిలవచ్చా?"

"పిలవండి. పలక్కపోతే తర్వాతి పేరుకు వెళ్లిపోండి."

ఆయన చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఆమె చెయ్యి చాపింది. ఆయన ఆ చేతికేసి చూసి, జేబులోంచి విజిల్ తీసి, రుమాలుతో శుభ్రంగా తుడిచి అందులో పెట్టారు.

మొదటి రోజు మిషను బామ్మ, ఇంకో ఇద్దరు వచ్చారు. మెల్లగా వరస పెరిగింది. డ్రైవరు కూడా వచ్చి చివర్న నిలబడేవాడు, తను గాలి కోసం వచ్చానని అందరికీ చెప్పుకుంటూ. పేరు పిలిస్తే మాత్రం అందరికంటే గట్టిగా పలికేవాడు.

పిటిషనమ్మ ఇంటికి పోయి, హాజరు మీద తాను రాసిన అధ్యాయం తీసింది. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి, చివరికి మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. లెక్కపెట్టడం వేరు, పిలవడం వేరు అని రాసింది. రానని చెప్పే వీలున్నవాడికే 'ఉన్నాను' అనే మాటకు రుచి తెలుస్తుందని రాసింది. చెల్లెలు పక్కన నిలబడి చదివి, "ఇన్నేళ్లలో నాకు అర్థమైన పేజీ ఇదొక్కటే" అంది. అక్కకు అది పొగడ్తో తిట్టో తేల్చుకోవడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

పుస్తకం అచ్చయ్యాక, కాలేజీలో దాని మీద పాఠాలు మొదలుపెడుతూ ఆమె జైలరుగారిని కూడా ఒక క్లాసు చెప్పమని పిలిచింది. ఆయన మడత నలగని చొక్కాతో గంట ముందే వచ్చారు. టైముకు సరిగ్గా తలుపు వేసి గడియ పెట్టి, స్వేచ్ఛ గురించి మొదలుపెట్టారు.

ఆలస్యంగా వచ్చిన కుర్రాళ్లు వరండాలో గుంపుగా నిలబడి తలుపు కొట్టారు. తీయలేదు. లోపలి నుంచి గీరుకుపోయిన గొంతు, మధ్యమధ్య నవ్వులు వినిపిస్తున్నాయి. వాళ్లు ఉక్రోషంతో స్టాఫు రూముకు వెళ్లి పిటిషనమ్మకు చెప్పుకున్నారు.

"మేడమ్, మాకు పాఠం వినే హక్కు లేదా? ఆయన మమ్మల్ని బయట నిలబెట్టారు."

పిటిషనమ్మ కళ్లజోడు సవరించుకుని వాళ్లకేసి చూసింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"వివరంగా రాసుకురండి" అంది, "ఒక కాపీ ఆయనక్కూడా ఇవ్వాలి."